రెస్క్యూ చేసి తెచ్చిన పిల్ల గోడ దూకబోయింది, తప్పు నాదేనా?

అమ్మా, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోవద్దు, మా చిన్నమ్మాయి వయసే ఉంటావు. నీ ప్రశ్న రెండుసార్లు చదివా. అనంతపురంలో హోమ్‌లో కౌన్సిలర్‌గా చేరి నాలుగు నెలలైంది, పూణెలో ఒళ్ళమ్ముకునే పనికి అమ్మేస్తే రెస్క్యూ చేసి తెచ్చిన 16 ఏళ్ళ పిల్ల మూడు వారాలుగా నీతో ఒక్క ముక్క మాట్లాడలేదు, మొన్న రాత్రి గోడ దూకబోయి దొరికింది, స్టాఫ్ ఏమో ఇంత చేసినా విశ్వాసం లేదు అంటున్నారు, వాళ్ళమ్మ గేటు దగ్గర కూర్చుని మా పిల్లని మాకిచ్చేయండి అని ఏడుస్తాంది, ఇందులో నేనేం తప్పు చేశా అని అడిగావు. నేను ఈ పనిలో 19 ఏళ్ళుగా ఉన్నా, కదిరి ముదిగుబ్బ తలుపుల పక్క ఊర్లు, తర్వాత కర్నూలు పడమటి మండలాలు, కొన్నాళ్ళు రాయచోటి పక్క. నేను చెప్పే ఏ పిల్ల సంగతైనా ఊరు, వయసు, ఇంటి వివరాలు మార్చే చెప్తున్నా, నువ్వు కూడా ఇకమీదట యాడ రాసినా అట్లే రాయి, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం పిల్ల గుర్తు తెలిసేలా రాయడమే నేరం. నీ ప్రశ్నలో మండలం పేరు ఉంది, ముందు అది తీసేయి.

తప్పు నీది కాదు. కానీ ఆ పిల్లదీ కాదు.

ఆ పిల్ల వైపు నుంచి ఒకసారి చూడు. మొదటిసారి ఎవరో తెలిసినావిడ వచ్చి "బెంగళూర్లో పని ఉండాది పాపా, నెలకింత ఇస్తారు" అని బండెక్కించింది, యాడికి పోతాండామో చెప్పలేదు, ధర్మవరంలోనో గుంతకల్లులోనో రైలు మారినాక గానీ ఇది బెంగళూరు పోయే రైలు కాదని తెలీలేదు. రెండోసారి రాత్రిపూట పోలీసులు తలుపులు బాదుకుంటూ వచ్చి జీపెక్కించారు, యాడికి పోతాండామో అప్పుడూ చెప్పలేదు. మూడోసారి మళ్ళీ రైలు, పక్కన ఎస్కార్ట్, దిగితే ఎత్తు గోడలు, గేటుకి తాళం, లోపల అడ్డమైన రూల్స్. మనం దాన్ని రక్షణ అంటాం, ఆ పిల్లకి మాత్రం మూడుసార్లూ తననెవరూ ఏమీ అడక్కుండానే తీసకపోయారు, ఆమెకి తేడా ఎట్లా తెలుస్తుంది చెప్పు. రెస్క్యూ అనేది అరగంట పని, ఆ తర్వాత చేసేదే మన పని, అది ఏళ్ళ తరబడి సాగుతుంది, దాంట్లో మొదటి మెట్టు ఆమెని ఏదైనా అడగడం. కథ కాదు నేననేది. "పొద్దున్నే ఉగ్గాని చేయమంటావా చిత్రాన్నమా" అని అడగడం. "లైటు వేసుకుని పడుకుంటావా ఆర్పేయాలా" అని అడగడం. నవ్వకు, మా దగ్గర ఒక పిల్ల 40 రోజులు నోరు విప్పలేదు, విప్పినప్పుడు అన్న మొదటి మాట "ఊరుబిండిలో కారం చాల్లేదు" అని. ఆ రోజు మేమంతా పండగ చేసుకున్నాం.

ఇంకోటి, ఏ పేరుతో పిలవాలో అడుగు. ఈ పిల్లలకి ఇంట్లో ఒక పేరు, అక్కడ పెట్టిన పేరొకటి, పోలీసులకి చెప్పిందొకటి ఉంటాయి. నువ్వు ఫైల్లో ఉన్న పేరుతో పిలుస్తున్నావేమో, అది అక్కడ పెట్టిన పేరే అయితే పిలిచిన ప్రతిసారీ ఆమెకి ఎట్లా ఉంటుందో ఆలోచించు.

మాట్లాడకపోవడం గురించి. లెక్క వేసి చూడు, అక్కడి పోలీసులకి చెప్పింది, డాక్టర్‌కి చెప్పింది, అక్కడి సిడబ్ల్యుసి (పిల్లల సంక్షేమ కమిటీ) ముందు చెప్పింది, మేజిస్ట్రేట్ ముందు చెప్పింది (ఇంతకుముందు 164 స్టేట్‌మెంట్ అనేవాళ్ళం, 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 183), ఇక్కడికొచ్చాక మన సిడబ్ల్యుసి ముందు చెప్పింది, మధ్యలో ఎస్కార్ట్‌గా వచ్చినావిడ కూడా రైల్లో అడిగే ఉంటుంది, వాళ్ళకదో సరదా. నువ్వు ఏడో మనిషివి. పిల్లల మీద లైంగిక నేరాల కేసులు చూసే పోక్సో కోర్టే పిల్లని సాక్ష్యానికి పదే పదే పిలవకూడదని చట్టంలో రాసుంది, మరి మనమెవరం. ఫైల్ చదువుకో, కథ అడగొద్దు. పక్కన కూర్చుని బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలుచుకుంటూ ఉండు, నీకు తోచింది నువ్వు మాట్లాడు, మీ ఇంటి సంగతులు, బస్సులో గొడవ, ఏదైనా. జవాబు రాకపోతే ఫర్వాలేదు, రేపు కూడా అదే టైముకి వచ్చి కూర్చో. టైము తప్పొద్దు, ఐదింటికి వస్తానంటే ఐదింటికే రావాలి, రాలేకపోతే ముందే చెప్పి పంపాలి, వాళ్ళ జీవితంలో చెప్పిన మాట చెప్పినట్టు చేసిన మనిషి ఇంతవరకు ఒక్కరూ లేరు.

ఇప్పుడు గోడ దూకడం. స్టాఫ్‌కి ఇది విశ్వాసం లేకపోవడంలా కనిపిస్తుంది గానీ నేను చూసినంతలో ఎక్కువసార్లు దీని వెనక ఉండేది అప్పు. కొన్న రేటు, గది అద్దె, తిండి, బట్టలు, డాక్టర్ ఖర్చు అన్నీ కలిపి "నువ్వు మాకింత బాకీ" అని అక్కడ రోజూ లెక్క చెప్తుంటారు, ఆ పిల్ల ఆ బాకీ నిజమనే నమ్ముతుంది, తను తీర్చకపోతే ఊరికొచ్చి నాయన్ని కొడతారనో చెల్లెల్ని తీసకపోతారనో భయం. కొందరికి అక్కడ దాచుకున్న డబ్బు, కమ్మలు, ఫోను ఉండిపోతాయి. కొందరికి ఒక స్నేహితురాలు, ఒక్కోసారి బిడ్డే ఉంటుంది అక్కడ, ఇది ఎవరూ అడగరు. కొందరికి అక్కడ "అత్త" అని పిలిచే మనిషే అన్నం పెట్టింది, జ్వరమొస్తే గుడ్డ తడిపి నుదుటిన వేసింది, కొట్టింది కూడా ఆమే, ఆ ముడి మనకి అర్థం కాకపోయినా తిట్టొద్దు, నువ్వు ఆ అత్తని తిడితే పిల్ల నీకు దూరమవుతుంది. గోడ దూకినందుకు శిక్ష వేయొద్దు, టీవీ ఆపేయడం, నలుగురిలో నిలబెట్టడం ఇట్లాంటివి ఏమన్నా చేసుంటే ఈరోజే ఆపించు. నువ్వు అడగాల్సింది ఒకటే, ఎందుకు పోతున్నావు అని కాదు, "అక్కడ ఏమన్నా ఉండిపోయిందా నీది, నేను తెప్పించగలనేమో చూస్తా" అని. బాకీ సంగతి బయటికొస్తే, ఆ బాకీ చట్టంలో చెల్లదని, నిన్ను కొన్నోడే జైలుకి పోవాల్సినోడని, మనిషిని అమ్మినా కొన్నా శిక్ష ఉందని నింపాదిగా చెప్పు, మైనర్ అయితే కనీసం పదేళ్ళు, యావజ్జీవం దాకా ఉంది. ఒక్కసారి చెప్తే నమ్మదు. లాయరుతో చెప్పించు, ఇంకా మంచిది ఇదే దారిలో నడిచి బయటపడిన ఒక పెద్దమ్మాయితో చెప్పించు. మన రాష్ట్రంలో బయటపడిన ఆడవాళ్ళంతా కలిసి పెట్టుకున్న విముక్తి అనే సంఘం ఉంది, వాళ్ళు పది నిమిషాలు మాట్లాడితే మనం పది నెలలు మాట్లాడినంత.

వాళ్ళమ్మ సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్తా. నేను చేరిన కొత్తలో ఇట్లాగే ఒకామె గేటు దగ్గర మూడు రోజులు కూర్చుంది, అన్నం తినలేదు, ఆమె ఏడుపు చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. ఇంటి విచారణ కాగితం మీద అయిందనిపించి, కమిటీ ముందు నేనే గట్టిగా మాట్లాడి పంపించేశాం. తల్లి ఏడుపు నిజమే, అబద్ధం కాదు. కానీ ఆ పిల్లని తీసకపోయింది మేనమామ పెళ్ళాం, ఆమె ఉండేది ఎదురిల్లే, అది మాకు తెలీదు, ఎందుకంటే మేము పిల్లని అడగలేదు, ఆ ఊరికి పోయి అరగంట కూర్చోలేదు. ఐదు నెలలకి పిల్ల మళ్ళీ లేదు. ఆ తర్వాత దొరకనే లేదు. ఇప్పటికీ ఆ రోడ్డులో బస్సు పోతే నేను కిటికీ వైపు చూడను.

అందుకని నువ్వు తొందరపడొద్దు. సోషల్ ఇన్వెస్టిగేషన్, అంటే ఇంటి విచారణ, 15 రోజుల్లో పూర్తి చేయాలి, కమిటీ తుది ఆర్డర్ నాలుగు నెలల లోపల ఇవ్వాలి అని చట్టంలో ఉంది, అంటే అమ్మ ఏడ్చింది కదా అని రేపే పంపక్కర్లేదు, అట్లని ఏళ్ళు ఏళ్ళు లోపల పెట్టుకోవడమూ కుదరదు. ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టంలో (వ్యభిచార నిరోధక చట్టం) కూడా తల్లిదండ్రులకో మొగుడికో అప్పజెప్పే ముందు వాళ్ళు నిజంగా చూసుకోగలరా అని విచారణ చేయించమని 17ఏ సెక్షన్ ఉంది. ఊరికి పోయేటప్పుడు బోర్డు ఉన్న ప్రభుత్వ జీపులో పోవద్దు, కానిస్టేబుల్‌ని వెంటేసుకుని పోవద్దు, రచ్చబండ దగ్గర ఆగి ఫలానా వాళ్ళిల్లు ఎక్కడ అని అడగొద్దు, ముగ్గురు నలుగురు ఒకేసారి దిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అంగన్‌వాడీ టీచర్ మంచిదైతే సగం పని అయిపోయినట్టే, నోరు ఆగనిదైతే అంతా పోయినట్టే, ముందు ఆమె ఎట్లాంటిదో కనుక్కో. ఆ ఇంట్లో రాత్రి ఎవరెవరు పడుకుంటారు, నాయన తాగి వచ్చినప్పుడు ఏం జరుగుతుంది, అప్పు ఎవరి దగ్గర ఉంది, బడి మానేసిన చెల్లెళ్ళు ఉన్నారా, పిల్లని పనికి పెట్టినావిడ ఇప్పుడు యాడుంది, ఇవి తెలుసుకుని రావాలి. చెల్లెలు ఉంటే ఆమె గురించి ముందు ఆలోచించు, ఏజెంట్ మళ్ళీ ఆ గడపే తొక్కుతుంది. ఆ చెల్లెల్ని కస్తూర్బా స్కూల్లోనో హాస్టల్లోనో చేర్పిస్తే నువ్వు ఒక రెస్క్యూ మొత్తం తప్పించినట్టు.

తల్లిని మాత్రం దొంగలా చూడొద్దు. మన జిల్లా వానలు నీకు తెలియనివా, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప, బుడ్డలు వేస్తే గింజ పట్టదు, బోర్లు వేసి వేసి అప్పులు. కర్నూలు పడమటి ఊర్లలో అయితే సుగ్గికని, అంటే వలస కూలికి, పత్తికి, మిరపకాయలకి గుంటూరు వైపు ఇంటిల్లిపాదీ పోతారు, పిల్లలు ముసలోళ్ళ దగ్గర. అడ్వాన్స్ కింద ఐదు వేలు తీసుకున్న అమ్మ "ఇంటి పని" అనే నమ్మి ఉంటుంది చాలాసార్లు. తెలిసి పంపిన అమ్మలు కూడా ఉన్నారు, కాదనను, కానీ ఎవరు ఏంటో ఏడుపు చూసి తేల్చలేం. కువైట్ ఆశ చూపేవాళ్ళు వేరే, కడప జిల్లాలో అది ఎక్కువ, పదో తరగతి పాస్ కాని ఆడోళ్ళకి 30 ఏళ్ళు నిండకపోతే గల్ఫ్‌లో ఇంటి పనికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రాదు, ఏజెంట్ "విజిట్ వీసా మీద పంపిస్తా" అన్నాడంటే అక్కడే ఆగిపోవాలి. సరే దారి తప్పా.

తల్లిని వారానికోసారి హోమ్‌కి రానివ్వు, పిల్ల ఒప్పుకుంటేనే. పిల్ల వద్దంటే ఎందుకు వద్దంటోందో కనుక్కునేదాకా కలపొద్దు, కలిసినా నువ్వు చూపు మేర ఉండు.

కాగితాల పని నీ పని కాదు అనుకోవద్దు, కౌన్సిలింగ్ కంటే ఒక్కోసారి కాగితమే పిల్లని నిలబెడుతుంది. మొదటిది వయసు. రెస్క్యూ అప్పుడు మా దగ్గర జరిగిందొకటి చెప్తా, పిల్లల్నీ వాళ్ళతో ఆ పని చేయించే ఇల్లు (దాన్ని కంపెనీ అంటారు) నడిపే ఆవిడనీ ఒకే వ్యానులో కూర్చోబెట్టుకొచ్చారు, స్టేషన్ చేరేలోపల అందరూ "నాకు 19" అనే పాట నేర్చుకున్నారు, ఆధార్‌లో కూడా అట్లే మార్పించి పెట్టారు. వయసు తేల్చడానికి చట్టంలో ఉన్న వరుస వేరు, ముందు స్కూల్ సర్టిఫికెట్ లేదా టెన్త్ మెమో, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఈ రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, దాంట్లో రెండేళ్ళు అటూ ఇటూ కావొచ్చు. ఆధార్ ఆ వరుసలోనే లేదు. మైనర్ అని తేలితే కేసు పోక్సో కిందికి వస్తుంది, ఆ పిల్ల "నా ఇష్టంతోనే పోయా" అని చెప్పినా అది చెల్లదు.

రెండోది డబ్బు. అందరూ కేసు గెలిస్తే పరిహారం వస్తుందనుకుని కూర్చుంటారు, కాదు. 2020 పోక్సో రూల్స్‌లో కేసు నడుస్తుండగానే కోర్టు మధ్యంతర పరిహారం ఇప్పించొచ్చు, ముద్దాయి దొరక్కపోయినా, కేసు కొట్టేసినా కూడా పిల్లకి నష్టం జరిగిందని కోర్టు అనుకుంటే ఇవ్వొచ్చు, ఆర్డర్ అందిన 30 రోజుల్లో చెల్లించాలి. అంతకంటే ముందు తిండి, బట్టలు, ప్రయాణం లాంటి అవసరాలకి సిడబ్ల్యుసి సిఫారసు చేస్తే వారంలో ఇవ్వాలని కూడా ఉంది, దీన్ని అడిగేవాళ్ళే తక్కువ. జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి అర్జీ పెట్టు, లాయరు ఫ్రీ, 15100 కి ఫోన్ చేసినా చెప్తారు. కోర్టుకి పిల్లతో పాటు రావడానికి సపోర్ట్ పర్సన్‌ని కమిటీ ఇవ్వాలి, ఆ మనిషి ఎవరో ముందే పిల్లకి పరిచయం చేయి, కోర్టు వరండాలో కాదు. పూణెలో కేసు అయితే వీడియోలో సాక్ష్యం తీసుకోమని అడగొచ్చు, వెయ్యి మైళ్ళు కాకపోయినా ఒక రాత్రంతా రైల్లో కూర్చుని అదే ఊర్లో దిగాలంటే వీళ్ళకి ముందు రోజు నుంచే వాంతులు. ఇంటికి పంపించాక కూడా మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ నెలకి 4000 వస్తుంది, డిసిపిఓ (జిల్లా పిల్లల సంరక్షణ అధికారి) ఆఫీసులో అడుగు, పదిసార్లు తిప్పుతారు, పదకొండోసారి పో.

ఆరోగ్యం. మొదటి వారంలోనే యూరిన్ టెస్ట్ చేయించారో లేదో ఫైల్లో చూడు, మైనర్లకీ అత్యాచార బాధితులకీ గర్భం తీయించడానికి 24 వారాల దాకా వీలుంది, మనం మొహమాటపడి ఆలస్యం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. హెచ్ఐవి టెస్ట్ ఎందుకో చెప్పి, ఒప్పించి చేయించాలి, రిజల్ట్ నీకూ డాక్టర్‌కీ తప్ప వంటామెకి తెలియకూడదు. పాజిటివ్ వస్తే భూమి బద్దలైనట్టు మొహం పెట్టొద్దు, మందులు ఫ్రీ, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో బాగా చూస్తారు, మందులేసుకుంటూ పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్న వాళ్ళు నాకు తెలుసు. రాత్రిపూట నిద్ర పట్టకపోవడం సహజం, అక్కడ రాత్రంతా మేలుకుని పగలు పడుకునేవాళ్ళు, మన హోమ్‌లో ఐదింటికి లేపి ప్రార్థనకి నిలబెడితే ఎట్లా. మొదటి నెల దాన్ని వదిలేయమని సూపరింటెండెంట్‌ని బతిమాలు. గుట్కా అలవాటు, మందు అలవాటు ఉంటే వెంటనే ఆపేస్తే చేతులు వణుకుతాయి, కొడతారు, అరుస్తారు, అది పొగరు కాదు, డాక్టర్‌కి చూపించు.

ఇక కుట్టుమిషన్. ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ, క్షమించు. ఎవరొచ్చినా కుట్టుమిషనే ఇస్తారు, ఫోటో దిగుతారు. ఊర్లో ఉన్న 200 ఇళ్ళకి ఇప్పటికే నలుగురు టైలర్లుంటే ఐదో మిషన్‌కి జాకెట్లు ఎవరిస్తారమ్మా. పిల్లకి ఏం ఇష్టమో అడుగు, వెంటనే చెప్పలేకపోవచ్చు, ఎందుకంటే ఇంతవరకు ఎవరూ అడగలేదు. మా దగ్గర ఒకమ్మాయి మేకలు కావాలంది, అందరూ నవ్వారు, ఇప్పుడు ఆమెకి 30 మేకలు. ఇంకొకామె రాయదుర్గం జీన్స్ షెడ్డులో చేరింది, 18 నిండాకే, నాలుగేళ్ళలో సూపర్‌వైజర్. ఇంకొకామె బేకరీలో. పోయినవాళ్ళూ ఉన్నారు, నేర్పించినా ఇచ్చినా మళ్ళీ అదే పనికి తిరిగిపోయినవాళ్ళు, 18 దాటాక వాళ్ళని కట్టేయలేం, అట్లా పోయినామె కూడా పండక్కి నాకు ఫోన్ చేస్తుంది, నేను ఎత్తుతా. 18 నిండగానే హోమ్ నుంచి బయటికి నెట్టేయడమూ తప్పే, 21 దాకా ఆఫ్టర్‌కేర్ (హోమ్ దాటాక ఇచ్చే ఆసరా) ఉంది, రాసి అడగాలి.

నీ గురించి ఒక్క మాట. నువ్వు రాసిన టైము చూశా, రాత్రి రెండు దాటింది. ఫైళ్ళు ఇంటికి తీసకపోవద్దు. హోమ్ నుంచి ఇంటికి నేరుగా పోవద్దు, నేనైతే టవర్ క్లాక్ దగ్గర దిగి ఒక టీ తాగి పోయేదాన్ని.

ఆ పిల్ల ఫోన్ అడుగుతోంది ఇవ్వచ్చా అన్నావు కదా. చేతికి ఇవ్వొద్దు, వద్దు అని కూడా అనొద్దు. ఎవరికి చేయాలి అని అడుగు, నీ పక్కన కూర్చోబెట్టుకుని ఆఫీసు ఫోన్ నుంచి చేయించు, స్పీకర్ పెట్టే ముందు పెడుతున్నానని చెప్పు. పూణె నంబర్ అయితే కోప్పడకుండా రాసి పెట్టుకో, అది కేసుకి పనికొస్తుంది, కానీ ఇన్వెస్టిగేషన్ ఆఫీసర్‌కి ఇస్తానని పిల్లకి ముందే చెప్పాలి, వెనకాల ఇస్తే అంతే సంగతులు. తొమ్మిదితో బడి మానేసిందని రాశావు, సోమవారం ఆ స్కూల్‌కి నువ్వే పో, అడ్మిషన్ రిజిస్టర్ కాపీ అడుగు, హోమ్ పేరు చెప్పొద్దు, ఓపెన్ స్కూల్ టెన్త్‌కి కట్టాలి అని చెప్పు, అబద్ధమేం కాదు, 14 నిండితే ఎవరైనా కట్టొచ్చు, ఆ కాగితంతోనే వయసూ తేలుతుంది. పోయే ముందు పిల్లని అడుగు, టెన్త్ కడతావా అని. వద్దంటే వయసు కోసం మాత్రమే తెస్తున్నానని చెప్పి తీసుకురా. ఆ తర్వాత ఏమైందో రాయి, నేను చూస్తుంటా.